పరీక్షలకూ ఆపరేషన్‌కూ మధ్య రోజులు
(ఆరోగ్య అవగాహన సదస్సులో మా హాస్పిటల్ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



గుండె జబ్బు ఎందుకు వస్తుంది, రాకుండా ఏం చేయాలి అని ఈ హాల్లో ఇదివరకు చాలాసార్లు చెప్పుకున్నాం. ఈ రోజు ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటి చెబుతాను. యాంజియోగ్రామ్ అయిపోయింది. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, ఎకో అన్నీ అయిపోయాయి. "మూడు రక్తనాళాల్లో అడ్డు ఉంది, బైపాస్ చేయాలి, ఫలానా తేదీకి వచ్చి చేరండి" అన్నారు. ఫైలు, సీడీ సంచిలో పెట్టుకొని బస్సెక్కి ఇంటికి వచ్చేశారు. ఆ రోజు మొదలు ఆపరేషన్ బల్ల ఎక్కే రోజు వరకు ఉండే రోజులున్నాయే, వాటి గురించే నేను చెప్పబోయేది.

మన హాస్పిటల్లో బైపాస్ చేయరు. మన జిల్లాల వాళ్ళు రాజమండ్రికో, కాకినాడకో, విశాఖపట్నానికో, హైదరాబాదుకో వెళతారు. కొంతమంది కాట్పాడిలో రైలు దిగి వెల్లూరు వెళతారు. ఆపరేషన్ ఎక్కడ జరిగినా, ఎదురు చూడడం మాత్రం ఇక్కడే జరుగుతుంది. మన ఊళ్ళో, మన ఇంట్లో, మన మంచం మీద. అక్కడ పెద్ద డాక్టరుగారు ఉండరు. మీరు, మీ ఇంటివాళ్ళు, అవసరమైతే మేము ఉంటాం. అందుకే ఈ మాటలు చెప్పవలసిన బాధ్యత మాది.

ఒక అనుభవం

చాలా ఏళ్ళ క్రితం ఒక లంక గ్రామం నుండి ఒక రైతు మా దగ్గరికి వచ్చేవారు. వయసు అరవైకి లోపే. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. లంక పొగాకు చుట్ట ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. గట్టు ఎక్కుతుంటే గుండెల మీద బరువు పెట్టినట్టుంటోందని వస్తే ఈసీజీ తీసి పై హాస్పిటల్‌కు పంపించాం. మూడు నాళాల్లో అడ్డు ఉందన్నారు. మూడు వారాల తర్వాత రమ్మని తేదీ ఇచ్చారు. ఆ కాగితాలు తెచ్చి నాకు చూపించారు.

అందులో ఒక మాత్రను ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు ఆపాలని ఉంది. అది రక్తం గడ్డ కట్టకుండా చేసే మాత్ర. నేను హడావుడిలో ఉన్నాను. బయట ఇంకా నలభై మంది రోగులున్నారు. "బాబాయిగారూ, ఆపరేషన్ ముందు ఈ మాత్ర ఆపేయాలండి, గుర్తుంచుకోండి" అని చెప్పి పంపేశాను. ఏ మాత్ర, ఏ తేదీ నుండి అనేది కాగితం మీద రాయలేదు.

ఆయన ఇంటికి వెళ్ళి ఆ రోజు నుండే అన్ని మాత్రలూ ఆపేశారు. పదకొండో రోజు రాత్రి నొప్పి వచ్చింది. తెల్లారితే పడవ వస్తుంది కదా అని ఓర్చుకున్నారు. పడవ దాటి మా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఏడు దాటింది. మేము చేయగలిగింది చేశాం. ఆయన దక్కలేదు.

ఆయన భార్య నన్ను తిట్టలేదు, అరవలేదు. "మీరే కదమ్మా ఆపమన్నారు, అందుకే ఆపేశారండి" అన్నారు. అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ తప్పు రోగిది కాదు, నాది. ఆ తర్వాత నుండి బైపాస్ కోసం ఎదురు చూసే ఎవరినీ నోటి మాటతో పంపడం లేదు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇస్తాం. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కాగితం మీద ఉన్నదే.

బైపాస్ అంటే ఏమిటి?

కాలువల ప్రాంతంలో పుట్టిన మనకు ఇది సులభంగా అర్థమవుతుంది. కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852కు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలన్నీ పారాయి, చేలు పచ్చబడ్డాయి. కాలువలో ఒకచోట పూడిక పడితే దిగువ చేలు ఎండుతాయి. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలూ అంతే. వాటిలో కొవ్వు పేరుకుని అడ్డు పడితే, ఆ కిందనున్న కండరానికి రక్తం చాలదు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు నొప్పి వస్తుంది. బైపాస్‌లో పూడిక తీయరు. అడ్డుకు ఎగువ నుండి దిగువకు కొత్త బోదె తవ్వినట్టు, కాలి నుండి తీసిన సిరతోనో, రొమ్ము ఎముక వెనుక ఉండే ధమనితోనో, చేతి ధమనితోనో కొత్త దారి వేస్తారు.

మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, కండరాలు పని చేయడానికి కావలసిన శక్తి ఏ రసాయనాల నుండి వస్తుందో అమెరికాలో ఫిస్కే గారితో కలిసి 1920లలో పరిశోధించారు. ఏటీపీ అనే మాట ఈనాడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. అంతటి మనిషి 1948లో 53 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఈ ఆపరేషన్ లేదు. కాలి సిరతో బైపాస్ చేసే పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ ఫావలోరో ప్రారంభించారు. మన దేశంలో 1975లో మద్రాసులో డాక్టర్ కె.ఎం. చెరియన్ మొదటిసారి చేశారు. ఇప్పుడు మన జిల్లాల నుండి కూలి పని చేసుకునేవారు కూడా చేయించుకొని వస్తున్నారు.

గుండె జబ్బు పట్నం వాళ్ళ జబ్బు, డబ్బున్న వాళ్ళ జబ్బు అనుకునే రోజులు పోయాయి. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్ళి అడిగి తెలుసుకున్నారు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. ఇవి మన పల్లెల లెక్కలే.

అందరికీ ఒకేలా ఆగే వీలుండదు

"అంత ప్రమాదమైతే వెంటనే చేయాలి కదా, మూడు వారాలు ఆగమన్నారంటే పరవాలేదన్నమాట" అని కొందరు అనుకుంటారు. ఇంకొందరు "నన్ను గాలికి వదిలేశారు" అని భయపడతారు. రెండూ నిజం కాదు. ఎవరు ఎంతకాలం ఆగవచ్చో సర్జనుగారు కొన్ని విషయాలు చూసి నిర్ణయిస్తారు. ఎడమ వైపు ప్రధాన నాళంలో అడ్డు ఎంత ఉంది, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తోందా, గుండె రక్తాన్ని పంపే శక్తి ఎంత ఉంది, ఈ మధ్య గుండెపోటు వచ్చిందా అని చూస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని ఇంటికి పంపరు, అక్కడే ఉంచి చేస్తారు.

ఆగమనడానికి మంచి కారణాలూ ఉంటాయి. యాంజియోగ్రామ్‌లో వాడిన రంగు మందు వల్ల మూత్రపిండాల మీద పడిన భారం తగ్గాలి. షుగరు అదుపులోకి రావాలి. పుచ్చిన పళ్ళు బాగు చేయించాలి. రక్తం పలచబరిచే మందు ప్రభావం తగ్గాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ గారు 2004 సెప్టెంబరులో శుక్రవారం హాస్పిటల్లో చేరితే సోమవారం ఆపరేషన్ చేశారు. అలాంటి మందు ప్రభావం తగ్గాలని కూడా ఆగారు. కాబట్టి ఎదురుచూడడం వైద్యంలో ఒక భాగమే. ఖాళీగా గడిపే కాలం కాదు.

అయితే ఆ రోజుల్లో నొప్పి తీరు మారితే లెక్క మారిపోతుంది. ఇంతకు ముందు ఫర్లాంగు నడిస్తే వచ్చే నొప్పి ఇప్పుడు పెరట్లోకి వెళితేనే వస్తోందా? రాత్రి నిద్రలో లేపుతోందా? పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తోందా? తేదీ వచ్చేదాకా ఆగకండి. ఆ రోజే చెప్పండి, తేదీ ముందుకు జరుపుతారు. ఆడవారిలో నొప్పి గుండెలోనే రావాలని లేదు. ఆయాసం, దవడ లాగడం, వీపులో నొప్పి, చెమటలు, వాంతి వచ్చినట్టు ఉండడం కూడా లక్షణాలే. "గ్యాసులే" అని సోడా తాగి పడుకోకండి.

మందుల సంగతి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎలాగూ ఆపరేషన్ చేస్తారు కదా, ఇక మాత్రలెందుకు అని మానేయవద్దు. కొత్త దారి వేసేదాకా ఉన్న సన్నని దారిని కాపాడేవి ఆ మాత్రలే. గుండె వేగాన్ని తగ్గించే మాత్రను హఠాత్తుగా ఆపితే నొప్పి ఎక్కువై గుండెపోటు కూడా రావచ్చు. కొలెస్టరాల్ మాత్ర, బీపీ మాత్ర కూడా చెప్పేదాకా ఆపకూడదు. యాస్పిరిన్‌ను సాధారణంగా ఆపరేషన్ వరకు కొనసాగించమంటారు. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపమంటారు. కొన్ని షుగరు మాత్రలను మూడు నాలుగు రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. కానీ నేను చెప్పానని మీరు ఆపవద్దు, పక్కింటాయన ఆపాడని ఆపవద్దు. మీ సర్జనుగారి చేత మాత్ర పేరు, ఆపవలసిన తేదీ రాయించుకోండి. చదువు రానివారు ఆ మాత్రల అట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో ఆర్‌ఎంపీగారి దగ్గర ఇంజక్షన్లు, నొప్పి మాత్రలు వేయించుకోవద్దు. వాటిలో చాలా వరకు గుండెకు, మూత్రపిండాలకు మంచివి కావు. పసరు మందులు, పేరు తెలియని పొడులు కూడా వద్దు.

నాలుక కింద పెట్టుకునే మాత్ర ఎప్పుడూ జేబులోనో, కొంగున కట్టుకొనో ఉండాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తే లాభం లేదు. నొప్పి వస్తే చేసే పని ఆపి కూర్చోండి. నిలబడి వేసుకుంటే బీపీ తగ్గి కళ్ళు తిరిగి పడిపోతారు. ఒక మాత్ర నాలుక కింద పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన ఆ అంబులెన్సు ఇలాంటి వేళ కోసమే. సొంతంగా మోటారు సైకిలు మీద బయలుదేరవద్దు. మగవారు ఇంకొక మాట వినాలి. సంసార సామర్థ్యం కోసం ఏదైనా మాత్ర వాడుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. అదీ ఇదీ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

లంకల్లో ఉండేవారికి నా విన్నపం ఒకటే. తేదీ వచ్చేదాకా ఏటి అవతల ఉండకండి. రోడ్డు పక్కన ఊళ్ళో చుట్టాలింట్లో ఉండండి. రాత్రి పన్నెండుకు నొప్పి వస్తే పడవ కోసం చూడవలసిన అవసరం ఉండకూడదు.

శరీరాన్ని సిద్ధం చేసుకోవడం

ఏటా వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం కదా. ఈ రోజులు కూడా అలాంటివే. ఆపరేషన్ తర్వాత శరీరానికి కావలసిన బలాన్ని ముందే నింపుకోవాలి.

చుట్ట, బీడీ, సిగరెట్టు ఈ రోజే మానాలి. ఆపరేషన్ అయ్యాక మానతాను అంటే కుదరదు. పొగ తాగేవారి ఊపిరితిత్తుల్లో కళ్ళె ఎక్కువ. ఆపరేషన్ తర్వాత దగ్గలేక న్యుమోనియా వస్తుంది. ముందు ఎన్ని వారాలు మానితే అంత మంచిది.

మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. చాలామంది దాన్ని మనవడికి ఆటబొమ్మగా ఇచ్చేస్తారు. అలా చేయకండి. డాక్టరు చెప్పినన్ని సార్లు చేయండి. ఆపరేషన్ మర్నాడు మీ ఊపిరిని నిలబెట్టేది ఆ అభ్యాసమే.

నొప్పి రానంత వరకు చదును నేల మీద మెల్లగా నడవండి. బస్తాలు ఎత్తడం, బోరింగు కొట్టడం, భోజనం చేసిన వెంటనే నడవడం వద్దు. కాళ్ళను జాగ్రత్తగా చూసుకోండి. ఆ సిరలే మీ గుండెకు వెళ్ళేది. చెప్పులు లేకుండా చేలో దిగవద్దు. పుండు, కురుపు, గోరుచుట్టు ఉంటే చూపించండి. కాళ్ళ మీద వెంట్రుకలను ఇంటి దగ్గర బ్లేడుతో గీసుకోవద్దు. జ్వరం, దగ్గు, మూత్రంలో మంట ఉంటే దాచవద్దు. దాస్తే తేదీ పోదనుకుంటారు, కాని దాచిన జ్వరం ఆపరేషన్ తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది.

తిండి విషయం. ఆవకాయ, ఎండు చేప, ఉప్పు చేప తగ్గించండి. షుగరున్నవారిని చూడడానికి వచ్చే చుట్టాలు ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. వాళ్ళ పిల్లలకే పెట్టి పంపించండి. మొక్కు ఏదైనా, మతం ఏదైనా, షుగరు మాత్రలు వేసుకుంటూ ఉపవాసాలు ఉండకండి. ప్రార్థన చేసుకోండి, కాని అన్నం తిని, మాత్ర వేసుకొని చేసుకోండి.

మనసు, ఇల్లు

పోయిన సంవత్సరాల్లో ఒక టైలరమ్మ నా దగ్గరికి వచ్చి ఇలా అడిగారు: "డాక్టరమ్మగారూ, గుండె ఆపేసి కుడతారట కదండీ, ఆపిన గుండె మళ్ళీ కొట్టుకోకపోతేనో?" ఆమె ఎన్ని రాత్రులు ఆ ప్రశ్నతో నిద్ర పోలేదో! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గుండె ఆపినప్పుడు దాని పని, ఊపిరితిత్తుల పని ఒక యంత్రం చేస్తుందనీ, కుట్లు అయ్యాక గుండెను మళ్ళీ కొట్టుకునేలా చేస్తారనీ, కొంతమందికి గుండె కొట్టుకుంటుండగానే చేస్తారనీ వివరించాను. ప్రమాదం అసలు లేదని మాత్రం అనలేదు. అది అబద్ధం అవుతుంది. "మీ వయసుకు, మీ గుండెకు ప్రమాదం ఎంతో మీ సర్జనుగారినే అడగండి, చెబుతారు" అన్నాను. ఆమె ఒక నోటు పుస్తకంలో ప్రశ్నలు రాసుకొని వెళ్ళారు. భయం పోలేదు గాని, నిద్ర పట్టిందన్నారు. ఇప్పుడు కుట్టు మిషను మళ్ళీ తొక్కుతున్నారు.

ఇంటివాళ్ళకు రెండు మాటలు. రోగి ఎదుట "ఫలానా ఆయన బల్ల మీదే పోయాడట" అని చెప్పే చుట్టాన్ని కాఫీ ఇచ్చి వాకిట్లోనే పంపించండి. జలుబు, దగ్గు ఉన్నవారిని దగ్గరికి రానివ్వకండి. ఇంకొకటి, శూన్యమాసమనో, కోతలు అవ్వాలనో, అమ్మాయి పెళ్ళి అవ్వాలనో తేదీ మార్చమని మీ అంతట మీరు అడగకండి. మాత్రలతో నొప్పి తగ్గితే జబ్బు తగ్గిందనుకుంటాం. తగ్గింది నొప్పే, అడ్డు అలాగే ఉంది. పెళ్ళి తేదీని మార్చవచ్చు.

డబ్బు బెంగ కూడా పెద్దదే. ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే అర ఎకరం పోయేది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పరిస్థితి మారింది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఆ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అర్హత ఉన్నవారు ఆ హాస్పిటల్లోని పథకం కౌంటరులో ముందే మాట్లాడి, అనుమతి వచ్చిందో లేదో కనుక్కోండి. కార్డులో పేరు తప్పు, ఆధార్‌లో వయసు తప్పు ఉంటే ఈ రోజుల్లోనే సరి చేయించుకోండి. రక్తదాతలు ఎంతమంది కావాలో అడిగి, వారిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

మన మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారికి 1990లో ఒకసారి బైపాస్ జరిగింది. 2009 జనవరి 24న, 76 ఏళ్ళ వయసులో, ఢిల్లీ ఎయిమ్స్‌లో రెండోసారి చేశారు. ఆయన ఎదురుచూసిన రోజుల్లో పనులు ఆగలేదు, కొన్నిటిని వేరేవారికి అప్పగించారు. అదే సంవత్సరం మే నెలలో మళ్ళీ ప్రధానిగా ప్రమాణం చేశారు. 2024 డిసెంబరులో 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ ఆపరేషన్ తర్వాత దాదాపు పదహారేళ్ళు బ్రతికారు. మీ పొలం పని, కొట్టు పని కూడా కొన్నాళ్ళు వేరేవారికి అప్పగించడం నామోషీ కాదు.

తెల్ల కాగితం మీద ఉండవలసినవి

1. ఆపరేషన్ తేదీ, చేరవలసిన రోజు.
2. కొనసాగించవలసిన మాత్రల పేర్లు.
3. ఆపవలసిన మాత్రల పేర్లు, ఏ తేదీ నుండి ఆపాలి.
4. నొప్పి వస్తే వరుసగా చేయవలసిన పనులు.
5. రాత్రి వేళ ఫోన్ చేయవలసిన నంబర్లు, తీసుకువెళ్ళే మనిషి పేరు.

ఈ ఐదూ లేకుండా ఏ హాస్పిటల్ గుమ్మమూ దాటకండి. డాక్టరు హడావుడిలో ఉంటే, నాలాంటివాళ్ళు తరచుగా ఉంటారు, "రాసివ్వండమ్మా" అని అక్కడే నిలబడండి. విసుక్కున్నా నిలబడండి. ఆ రోజు మా బాబాయిగారు అలా నిలబడి ఉంటే నేను రాసి ఇచ్చేదాన్ని. ఆయన అడగలేదు, నేను రాయలేదు. మీరు అడగండి.